బు వుర్యాని రాసిన ముప్ఫై మూడు

జావా దీవిలోని సెమరాంగ్‌లో మా ఆసుపత్రి రెండో అంతస్తు చివర ఒక గది ఉండేది. తలుపు మీద బోర్డులో ఏం రాసి ఉన్నా, అక్కడికి వచ్చే ఫ్యాక్టరీ జనమంతా దాన్ని 'దొంగల గది' అనేవారు. కండరాల్లో పుట్టే కరెంటును కొలిచే యంత్రం అందులో ఉండేది. చెయ్యి ఆడటం లేదనో, కాలు ఈడుస్తోందనో సెలవు అడిగిన మనిషిని కంపెనీ అక్కడికి పంపేది, జబ్బు నిజమో నటనో తేల్చమని. తేల్చేది యంత్రమని కాగితం మీద ఉండేది. బు వుర్యాని తేలుస్తుందని మా అందరికీ తెలుసు.

నేను ఆ గది బయట బల్ల వేసుకుని పేర్లు రాసుకునే గుమాస్తాను. పదహారేళ్ళు ఆవిడ పక్కన పనిచేశాను. తనకన్నా చిన్న ఆడమనిషిని కనుక నన్ను 'జెంగ్' అని పిలిచేది. నేను అందరిలాగే మర్యాదకు 'బు' అనేదాన్ని, మగవాళ్ళనైతే 'పా'.

ఆవిడ ఎవర్నీ నమ్మేది కాదు. టీలో చక్కెర వేశానని చెబితే చెంచాతో అడుగు దేవి చూసేది. బజారులో మామిడిపండు కొనాలంటే ముచ్చిక దగ్గర ముక్కు పెట్టి, అమ్మేవాడి ముఖం చూసి, మళ్ళీ ముక్కు పెట్టేది. పుట్టుకతో అలా లేదట. మొగుడు రేవులో గుమాస్తా. వీపు నొప్పని రెండేళ్ళు మంచం దిగలేదు. ఈవిడే వేణ్ణీళ్ళ కాపడం పెట్టేది, అన్నం నోట్లో పెట్టేది. ఈవిడ డ్యూటీకి వెళ్ళగానే ఆయన మంచం దిగి, పక్క పేటలో ఇంకొకామె ఇంటి వెనక చేపల చెరువు తవ్వాడు. తల మీద మట్టి గంపతో నడుస్తుండగా ఈవిడే కళ్ళారా చూసింది. ఏడవలేదు, అరవలేదు. వాళ్ళ అమ్మగారింటికి వెళ్ళిపోయి మళ్ళీ ఆ గడప తొక్కలేదు.

"నోటిని అడిగి లాభం లేదు జెంగ్, కండరాన్ని అడగాలి" అనేది నాతో.

కండరం నిజంగానే మాట్లాడేది. యంత్రానికి చిన్న స్పీకరు ఉండేది. డాక్టరు యుసాక్ సన్నటి సూదిని కండరంలోకి దించి "బిగించు" అంటే ఆ చప్పుడు గదంతా వినపడేది. కదలని కండరం మౌనంగా ఉంటుంది. బిగిస్తే మొదట చినుకులు, తర్వాత రేకుల కప్పు మీద జడివాన. పళ్ళు కొరుకుతూ, ముఖం ఎర్రగా చేసుకుని, లోపల మాత్రం బలం పెట్టనివాడి కండరం తీరిగ్గా ఒక్కో చినుకే రాలుస్తుంది. ఆ తేడా బు వుర్యానికి గోడ అవతల నుంచి కూడా తెలిసేది. సూది పని డాక్టరుది. నరానికి చిన్న చిన్న షాకులిచ్చి, కండరం ఇచ్చే జవాబును తెర మీద గీతలుగా తీసే పని ఈవిడది. పరీక్ష అయ్యాక కూడా వదిలేది కాదు. కిటికీ దగ్గర నిలబడి వాహనాల షెడ్డు వైపు చూసేది. కుంటుకుంటూ వచ్చినవాడు అదే కాలితో మోటారుసైకిలు తన్ని స్టార్టు చేయడం ఎన్నోసార్లు చూసి, నన్ను పిలిచి చూపించింది.

ఆ జనవరిలో ఒక గురువారం పొద్దున, వానలో, కుదుస్ ఊరి నుంచి కర్సినా వచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళ మనిషి. లవంగం కలిపిన పొగాకును చేత్తో సిగరెట్లుగా చుట్టే ఫ్యాక్టరీలో పద్నాలుగేళ్ళుగా పని. గదిలో అడుగు పెట్టగానే లవంగం వాసన వచ్చింది. ఎంత కడిగినా ఆ పని చేసేవాళ్ళ వేళ్ళను అది వదలదు. ఆమె వెంట కంపెనీ సంక్షేమ అధికారి పా ద్విజో కూడా వచ్చాడు. కంపెనీ కారులో ఏసీ వేసుకుని, పక్కన కూర్చోబెట్టుకుని మరీ తెచ్చాడు, బస్సులో వదిలితే దారిలో ఎవరి దగ్గరైనా నటన నేర్చుకుంటుందేమో అన్నట్టు.

"ఏంటి కష్టం?" అంది బు వుర్యాని ముఖం చూడకుండా.

"చేతులు బు. మధ్యాహ్నం దాకా బాగానే ఉంటాయి. ఆ తర్వాత వేళ్ళు నా మాట వినవు. కన్ను కూడా వాలిపోతుంది."

"పొద్దున?"

"పొద్దున లేచేసరికి ఏం ఉండదు బు. మామూలే."

"అంటే పని చేస్తే వస్తుంది, ఇంటికెళ్ళి పడుకుంటే పోతుంది. నాకూ అదే జబ్బమ్మా."

పా ద్విజో పకపకా నవ్వాడు. "మా మేస్త్రీ అయితే మొదట్లో ఈవిడ తనకి కన్ను కొడుతోందనుకున్నాడు బు. పాపం, కొత్త చొక్కా కూడా కుట్టించుకున్నాడు."

కర్సినా నవ్వబోయింది. పై పెదవి ఒక్కటే పైకి లేచి, పళ్ళు కనపడి, నవ్వు కాని నవ్వయింది. బు వుర్యాని నా వైపు చూసింది. పళ్ళికిలిస్తోంది చూడు, అని ఆ చూపుకు అర్థం.

"ఇంట్లోవాళ్ళేమంటారు?"

"మా అత్త ఎవరో చేతబడి చేశారంటుంది. మా ఆయన వంట తప్పించుకోవడానికంటాడు. నేను చుడితే కొసలు కత్తిరించే తుమిని నాకు జతగా ఉండేది, పన్నెండేళ్ళు. మొన్న వేరేవాళ్ళతో కూర్చుంది."

"నువ్వేమంటావు?"

కర్సినా కాసేపు తన చేతులు చూసుకుంది. "నాకే తెలీకుండా నేనే నటిస్తున్నానేమో అని భయంగా ఉంది బు."

నాకు తెలిసి ఆ గదిలో ఎవరూ ఆ మాట అనలేదు. అయినా బు వుర్యాని మెత్తబడలేదు. "కొత్త రకం" అని నాకు మాత్రమే వినపడేలా గొణిగింది.

ఆవిడ కర్సినా చిటికెన వేలి వైపు అరచేతి కండ మీద కరెంటు అందుకునే లోహపు బిళ్ళలు అంటించి, మణికట్టు దగ్గర నరానికి షాకులు ఇచ్చింది. సెకనుకు మూడు చొప్పున పది. పదిసార్లూ చిటికెన వేలు టక్కు టక్కున ఎగిరింది. నరం చెప్పిన మాట కండరానికి అందే చోట తేడా ఉంటే, రెండో మూడో గీత నుంచి ఎత్తు తగ్గుతూ రావాలి. కర్సినా గీతలు పదీ కంచె కర్రల్లా ఒకే ఎత్తున నిలబడ్డాయి. మళ్ళీ తీస్తే మళ్ళీ అంతే. తర్వాత డాక్టరు యుసాక్ వచ్చి సూది గుచ్చాడు. కండరం చక్కగా వాన కురిపించింది.

కాగితం మీద 'చర్మపు వేడి' అని ఒక గడి ఉండేది. చెయ్యి చల్లగా ఉంటే గీతలు మోసం చేస్తాయి కనుక ముందు వేడి కొలిచి రాయాలని నియమం. కొలిచే పరికరం అంతకుముందు జూన్‌లో పాడైంది. కొత్తది కావాలని నేనే స్టోరుకు రెండుసార్లు రాశాను, రాలేదు. అప్పటి నుంచి బు వుర్యాని ఆ గడిలో 33 అని రాస్తూ వచ్చింది. అందరికీ 33. ఆ రోజూ అదే రాసింది. నేను చూశాను. రోజూ చూసేదాన్నే.

'తేడా ఏమీ లేదు' అని డాక్టరు సంతకం పెట్టాడు. పా ద్విజో కాగితం మడిచి జేబులో పెట్టుకుని, బిల్లు తయారవడానికి ఇంకా సమయం పడుతుందని, ఈలోగా క్యాంటీనులో ఏమైనా తిందామని ఆమెను తీసుకెళ్ళాడు.

మధ్యాహ్నం వాన ఆగి ఎండ కాసింది. క్యాంటీను అంటే మెట్ల కింద రేకుల పందిరి, ఉక్కపోత. బు వుర్యాని "రా జెంగ్, కొత్త రకం అన్నం ఎలా తింటుందో చూద్దాం" అని నన్ను లాక్కెళ్ళింది. ఇద్దరం స్తంభం వెనక బల్ల దగ్గర కూర్చున్నాం. అక్కడికి వాళ్ళు కనపడతారు, మేం కనపడం.

పా ద్విజో ఫోనులో మాట్లాడుతున్నాడు. కర్సినా గోడ వైపు తిరిగి, ఎవరికీ కనపడకుండా సూపులో అన్నం తింటోంది. నాలుగు ముద్దలు బాగానే తింది. ఆ తర్వాత నమలడం నెమ్మదించింది. ఎడమ అరచెయ్యి గడ్డం కింద పెట్టి, దవడను పైకి తోస్తూ, చేత్తో నమిలింది. ఆ మాటే సరైంది, చేత్తో నమిలింది. ఎడమ కన్ను రెప్ప సగం దిగింది.

బు వుర్యాని చేతిలో చెంచా ఆగింది. "ఎవరి కోసం చేస్తోంది ఇదంతా?" అంది. "గోడ కోసమా?"

కర్సినా చల్ల టీ గ్లాసు తీసుకుని, మంచు ముక్కలున్న చోటు చూసి, వాలిన రెప్ప మీద ఆనించుకుంది. అలాగే చాలాసేపు ఉంది. గ్లాసు తీసేసరికి కన్ను పూర్తిగా తెరుచుకుని ఉంది.

పా ద్విజో ఫోను పెట్టేసి అప్పుడే ఇటు తిరిగాడు. "ఇందాక మూసుకున్నావ్, ఇప్పుడు తెరిచావ్. నీ కన్నుకి నువ్వే మేస్త్రీవి, కాదూ?"

"చల్లగా పెడితే కాసేపు లేస్తుంది పా" అంది ఆమె. పొద్దున గదిలో విన్న గొంతు కాదది. ముక్కులోంచి వస్తోంది.

బు వుర్యాని అన్నం అక్కడే వదిలేసి లేచింది. నేను వెనకే మెట్లు ఎక్కాను. గదిలోకి వెళ్ళి ఏసీ కింద రోగి కుర్చీలో కూర్చుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టి, అలా కళ్ళు మూసుకుంది. పది నిమిషాల తర్వాత "నా చెయ్యి పట్టుకో" అంది. పట్టుకున్నాను. మంచులా ఉంది.

"ఆ పిల్ల చెయ్యి ఇంతకన్నా చల్లగా ఉంది పొద్దున. నేను పట్టుకున్నా కదా, తెలిసింది. తెలిసి కూడా ముప్ఫై మూడని రాశాను. చలికి రెప్ప లేచినట్టే, ఆ గీతలూ చలికే నిలబడ్డాయి."

ఆవిడను అలా ఎప్పుడూ చూడలేదు. ఊరందరినీ అనుమానించిన మనిషి, ఆ కుర్చీలో కూర్చుని తన చేతి వైపే దొంగను చూసినట్టు చూస్తోంది.

నేరుగా డాక్టరు యుసాక్ దగ్గరికి వెళ్ళాం. ఆయన కాగితం నకలు తీసి చూశాడు.

"ముప్ఫై మూడని ఉందిగా బు?"

"కొలవలేదు డాక్టర్."

"మరి?"

"రాశాను."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఎన్నాళ్ళ నుంచి?"

"జూన్ నుంచి."

నకలును పక్కకు తోసి, "ముందు ఆమెను ఆపండి" అన్నాడు.

కారు ఎక్కుతున్నవాళ్ళను నేనే పరిగెత్తి ఆపాను. పా ద్విజోకు కోపం వచ్చింది. "సంతకం అయిపోయాక మళ్ళీ పరీక్షేంటి? ఈవిడ మీకేమైనా చుట్టమా?" అన్నాడు. ఆ మాట ఆయన అరిచి అనడంతో మెట్ల మీదున్నవాళ్ళంతా మా వైపు అనుమానంగా చూశారు. అయినా కారు దిగాడు.

పసిపిల్లల వార్డు నుంచి వేడి కొలిచే పరికరం అరువు తెచ్చాం. ఏసీ గదిలో మళ్ళీ చల్లబడిన చర్మం మీద పెడితే ఇరవై ఎనిమిది చూపించింది. ఏసీ ఆపి, బకెట్లో వేణ్ణీళ్ళు పోసి, కర్సినా రెండు చేతులూ అందులో పెట్టించి, తువ్వాలు చుట్టి, ముప్ఫై నాలుగు వచ్చేదాకా కూర్చోబెట్టింది బు వుర్యాని. తర్వాత చిటికెన వేలిని తన వేలికి ఎదురు తోయమని, ఒక నిమిషం పాటు వదలకుండా తోయించింది. అప్పుడు షాకులు ఇచ్చింది.

మొదటి గీత నిటారుగా లేచింది. రెండోది పొట్టిదైంది. మూడోది ఇంకా. నాలుగో గీత మొదటిదానికి మూడు వంతుల్లో రెండు వంతులు కూడా లేదు. భుజం కండ మీద పెడితే ఇంకా ఘోరంగా కుంగింది.

"రెండు గంటల్లో జబ్బు పుట్టిందా?" అన్నాడు పా ద్విజో. "కరెంటు తగ్గించారేమో. ఎవరు చూడొచ్చారు?"

"రండి పా, మీ చెయ్యి పెట్టండి."

"నాదెందుకు?"

"యంత్రం అబద్ధమాడుతోందేమో చూద్దురుగానీ. భయమా?"

నలుగురి ముందు ఆ మాట పడ్డాక కూర్చోక తప్పలేదు. వేణ్ణీళ్ళు, తువ్వాలు, అంతా అలాగే. మొదటి షాకుకే "అమ్మో!" అని కుర్చీలో ఎగిరాడు. పది గీతలూ ఒకే ఎత్తు. బు వుర్యాని రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి, ఆయన ముందుకు తోసింది. ఆయన ఒకదాని నుంచి ఇంకోదానికి చూశాడు. కర్సినా వైపు మాత్రం చూడలేకపోయాడు.

కర్సినా ఏడ్చింది. "నేను కాదన్నమాట" అంది. "చేసింది నేను కాదన్నమాట."

ఆ జబ్బు పేరు మయస్థీనియా అనీ, మాత్రలున్నాయనీ, ఛాతీలో ఒక గ్రంథి తీసేస్తే కొందరికి ఇంకా తగ్గుతుందనీ డాక్టరు చెప్పాడు. ఆమెకు ఆపరేషను ఏప్రిల్‌లో చేశారు. సంవత్సరం తిరిగేలోగా ఫ్యాక్టరీకి వెళ్ళింది, చుట్టే పనికి కాదు, కొసలు కత్తిరించే పనికి. తుమినియే వచ్చి పక్కన కూర్చుందట. కానీ మాత్రలు చేతబడికి విరుగుడని అత్తగారు ఇప్పటికీ నమ్ముతుంది. అలా నమ్మితేనే వేళకు ఇస్తుందని కర్సినా ఆ నమ్మకాన్ని కదపలేదు.

అక్కడితో అయిపోయిందని మేం అనుకున్నాం. బు వుర్యాని అనుకోలేదు. మర్నాటి నుంచి జూన్ తర్వాతి కాగితాలన్నీ ముందేసుకుంది. కంపెనీలు పంపితే 'తేడా ఏమీ లేదు' అని వెళ్ళినవాళ్ళు, కర్సినా కాక, పందొమ్మిది మంది. పందొమ్మిది గడుల్లోనూ 33.

డాక్టరు యుసాక్ వద్దన్నాడు. "ఎవరూ అడగలేదు కదా బు. మనమే ఉత్తరాలు రాస్తే మన తప్పు మనమే ఒప్పుకున్నట్టు."

"నేను అడుగుతున్నా డాక్టర్. సంతకం పెడతారా, నేనే పెట్టి పంపనా?"

పెట్టాడు. పదమూడు మంది వచ్చారు. చేతులు వేడి చేసి మళ్ళీ తీస్తే పదముగ్గురివీ మునుపటిలాగే సమంగా ఉన్నాయి. ఒకరిద్దరు నిజంగానే దొంగలు. వాళ్ళు సిగ్గుపడి వెళ్ళారు. నాకు ఊపిరి పీల్చుకున్నట్టయింది. ఆవిడకు మాత్రం అది కూడా అనుమానమే. "ఇంత తేలిగ్గా అయిపోతుందా?" అంది. ఐదుగురు ఊళ్ళు మారిపోయారు, జవాబు రాలేదు. ఒక ఉత్తరం మాత్రం 'తీసుకోలేదు' అని ముద్రతో తిరిగొచ్చింది. పార్జొనో, నలభై ఏడు, సిటీ బస్సు డ్రైవరు.

ఆ పేరు చూడగానే ఆవిడ ముఖం మారింది. "ఇతను నాతో రెండు రోడ్లు కనపడుతున్నాయన్నాడు జెంగ్. నేనేమన్నానో తెలుసా? ఎడమ వైపుది పట్టుకుని పో అన్నాను."

నాకు గుర్తొచ్చింది. ఆ రోజు నేను కూడా నవ్వాను.

శనివారం పొద్దున ఇద్దరం వెతుక్కుంటూ వెళ్ళాం. రేవు దగ్గర, సముద్రం పోటెత్తితే సందుల్లోకి నీళ్ళు వచ్చే పేట. చెప్పులు చేత్తో పట్టుకుని, మోకాలి కింద దాకా నీళ్ళలో నడిచాం. పార్జొనో ఇంటి ముందు పసుపు వ్యాను కడుగుతున్నాడు. బస్సు కంపెనీ తీసేశాక, బావమరిది వ్యాను తీసుకుని రేవు నుంచి బజారుకు జనాన్ని తిప్పుతున్నాడని సందు మొదట్లోనే విన్నాం. పేటంతా అక్కా అన్నట్టు 'యూ' చేర్చి పిలిచే అతని భార్య యూ సరిపా గుమ్మంలో బట్టలు పిండుతోంది.

"ఎవరు పంపారు మిమ్మల్ని?" అన్నాడు ఆవిడను గుర్తుపట్టి. "కంపెనీయా?"

"ఎవరూ పంపలేదు. మళ్ళీ పరీక్ష చేయాలి. మొదటిసారి చేసినప్పుడు నేను కాగితంలో అబద్ధం రాశాను."

"ఎంతిచ్చారు?"

"ఎవరూ ఏం ఇవ్వలేదు. బద్ధకం. కొలవకుండా రాశాను."

అతను నవ్వాడు. "ఊరికే అబద్ధమెవరు రాస్తారు బు? చిన్నపిల్లాణ్ణా నేను?" గుడ్డ బకెట్లో విసిరేశాడు. "అయినా మీరు రాసిందే నిజం. నటించాను. డ్రైవింగు విసుగొచ్చి, ఆఫీసులో కూర్చునే పని కోసం నటించాను. చాలా? వెళ్ళండి."

అంత సులువుగా ఒప్పుకునేవాణ్ణి బు వుర్యాని ఇరవై ఏళ్ళలో చూడలేదు. ఆవిడ వ్యాను ముందు సీటు తలుపు తీసి ఎక్కి కూర్చుంది. "బజారు దాకా వస్తాం. చార్జీ ఇస్తాంలే."

కాదనలేడు, బజారుకు వెళ్ళే చేపల ఆడవాళ్ళు ఆరుగురు అప్పటికే వెనక ఎక్కి కూర్చున్నారు. నేనూ వెనకే ఎక్కాను. వ్యాను కదిలింది. పార్జొనో టోపీని ఎడమ కంటి మీదికి దించుకుని, గడ్డం పైకెత్తి నడుపుతున్నాడు. మొదటి కూడలి దగ్గర వేగం తగ్గించి గట్టిగా అడిగాడు: "ఏమోయ్, ఎదురుగా ఎన్ని లారీలొస్తున్నాయ్?"

"ఒకటే పా!" అని వెనక ఉన్న చేపల ఆడవాళ్ళు ఒక్కసారిగా అరిచి నవ్వారు.

"ఒకటే కదా? అయితే పోదాం."

రెండో కూడలి దగ్గర మళ్ళీ అడిగాడు. మళ్ళీ అరిచారు. వాళ్ళకది రోజూ ఆడే ఆట. అద్దంలో బు వుర్యాని ముఖం కనపడింది. చేత్తో సీటు అంచు పట్టుకుని రోడ్డును కాక అతని రెప్పను చూస్తోంది.

బజారులో జనం దిగాక ఆవిడ దిగలేదు. "ఇందాక నువ్వు చెప్పిందే అబద్ధం" అంది నెమ్మదిగా. "అప్పుడు నటించలేదు. ఇప్పుడు నటిస్తున్నావ్, బాగున్నట్టు."

పార్జొనో స్టీరింగు మీద చేతులు పెట్టుకుని ముందుకే చూశాడు. "మీ యంత్రం బాగున్నాడంటే నేను దొంగని. బాగాలేడంటే ఈ బండి కూడా పోతుంది. ఎటు తిరిగినా మీకేం పోదు. మీరెందుకొచ్చారో నాకు అంతుపట్టట్లేదు బు."

ఆవిడ ఇద్దరి చార్జీ లెక్కపెట్టి స్టీరింగు పక్కన పెట్టింది.

తిరుగు ప్రయాణంలోనూ అదే ముందు సీట్లో కూర్చుంది. ఇంటి దగ్గర దిగి, యూ సరిపాతో ఒక్క మాటే అంది: "కూడలిలో లారీలు ఎన్నని అడుగుతాడు, నీకు తెలుసా?"

"సరదాకి అంటాడు" అంది ఆమె. అని, మొగుడి ముఖం చూసింది. పిండుతున్న బట్ట అలాగే చేతిలో ఆగిపోయింది. "తగ్గిపోయిందన్నావ్ కదా? దేవుడి మీద ఒట్టేశావ్ కదా?"

అతను టోపీ ఇంకా కిందికి లాక్కున్నాడు. ఆమె చేతులు తుడుచుకుని వచ్చి, వ్యానులోంచి తాళంచెవి లాగి రవికెలో దోపుకుంది. "నా తమ్ముడి బండి ఇది. మా పక్కింటి పిల్లలు ఎక్కే బండి. ఆసుపత్రికి పోయొచ్చి తీసుకో."

నాలుగు రోజులకు మొగుడూ పెళ్ళాం రిక్షాలో వచ్చారు. అతను అడుగడుగునా అడ్డం పడ్డాడు. వేడి కొలిస్తే అంకె భార్య చేత పైకి చదివించాడు. బిళ్ళలు ఎక్కడివి, కొత్తవా, అన్నాడు. చెయ్యి ముప్ఫై నాలుగుకు వేడెక్కాక బు వుర్యాని షాకులు ఇచ్చింది. పది గీతలూ సమానం. భుజం మీదా సమానమే.

పార్జొనో లేచి నిలబడ్డాడు. "చూశావా సరిపా? దొంగనే."

డాక్టరు యుసాక్ కూడా పెదవి విరిచాడు. బు వుర్యాని మాత్రం కదల్లేదు. "కూర్చో" అంది. "నీకు చేతులు బాగాలేవని నువ్వెప్పుడు చెప్పావు? కళ్ళన్నావు. నేనే వినలేదు."

కంటి కింద, చెంప ఎముక పైన చిన్న బిళ్ళ అంటించి, చెవి ముందున్న నరానికి షాకులు ఇచ్చింది. రెప్ప అదిరింది. మొదటి గీత, రెండోది, మూడోది, దిగుతూ వచ్చాయి. నాలుగోది అయిదో వంతు పడిపోయింది. మూడుసార్లు తీసింది, మూడుసార్లూ అంతే.

ఆ రోజు ఆవిడ నాతో అన్న మాట ఇది: "పరికరం పాడవడం వల్ల కాదు జెంగ్. ఇతని చెయ్యి నిప్పులా ఉన్నా ఆ రోజూ ఇదే తేలేది. మనిషి ఏం చెబుతున్నాడో అక్కడ పెట్టలేదు నేను."

పార్జొనోకు మాత్రలు పడ్డాయి. చూపు చాలావరకు కుదుటపడింది, కానీ పొద్దుగూకేసరికి ఇంకా రెండుగా కనపడుతుంది. బండి నడపవద్దన్నారు. బస్సు కంపెనీకి డాక్టరు ఉత్తరం రాశాడు, బు వుర్యాని తన తప్పు ఒప్పుకుంటూ ఇంకొకటి రాసి సంతకం పెట్టింది. ఆ ఉత్తరం వల్ల ఆవిడకు రావలసిన పెద్ద పదవి రాలేదు. కంపెనీ ఆ కేసు ముగిసిపోయిందని జవాబిచ్చింది. పార్జొనో ఇప్పుడు బజారు స్టాండులో బండ్లకు జనాన్ని పిలిచి ఎక్కిస్తుంటాడు. గొంతు గట్టిది.

అతను ఆవిణ్ణి క్షమించలేదు. ఆవిడా అడగలేదు. మూడు నెలలకోసారి పరీక్షకు వస్తాడు, నమస్కారం ఉండదు. ఒకసారి ఆవిడ "ఈసారి మెరుగ్గా ఉంది" అంటే, "మీరనడమెందుకు, నాకు చూడ్డం నేర్పండి" అన్నాడు. నేర్పింది. మొదటి గీత ఎక్కడ మొదలవుతుంది, ఎత్తు ఎలా కొలవాలి, నాలుగోదాన్ని దేనితో పోల్చాలి, అన్నీ కుర్చీ పక్కన నిలబడి ఓపిగ్గా చెప్పింది. అప్పటి నుంచి తెరను తన వైపు తిప్పించుకుని, ఒక కన్ను మూసుకుని, గీతల ఎత్తు తనే కొలుచుకుంటాడు. ఆవిడ అంకె చెప్పేదాకా ఆగడు. తన అంకె తను చెప్పి, ఆవిడది కూడా అదేనా కాదా అని ముఖంలోకి చూస్తాడు.